బరి వెలుపలి పోరు

హైదరాబాదు నగరానికి తూర్పున ఉప్పల్‌లో ఉన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానంలో 2005 నవంబరు 16న తొలి అంతర్జాతీయ వన్డే పోటీ జరిగింది. భారతజట్టు దక్షిణాఫ్రికాతో తలపడింది. నాటి నుండి పోటీ ఉన్న రోజున ఉప్పల్ కూడలి, నాచారం, హబ్సిగూడ దారులు జనంతో కిక్కిరిసిపోవడం ఆ ప్రాంతాలవారికి అలవాటైన దృశ్యం. టికెట్టు దొరుకుతుందా, వాన పడుతుందా అనే బెంగ ఆ జనంలో ఉండవచ్చు. కాని ప్రత్యర్థి జట్టు అసలు ఆడటానికి ఒప్పుకొంటుందా అనే సందేహం మాత్రం ఎవరికీ కలగదు. ఎవరు ఎవరితో ఏ రోజున ఆడాలో ముందుగానే పట్టికలో అచ్చయి ఉంటుంది. కిందటి ఏడు చిత్తుగా ఓడించిన జట్టు ఎదురైనా సరే, ఈ ఏడు దానితో ఆడి తీరవలసిందే.

బాక్సింగ్ అని నేడు మనం వ్యవహరించే ముష్టియుద్ధంలో, అందులోనూ సొమ్ము కోసం ఆడే వృత్తి ముష్టియుద్ధంలో, ఇటువంటి పట్టిక లేదు. దాన్ని తయారుచేసే ఏకైక అధికార సంస్థా లేదు. ప్రపంచ విజేత అనే బిరుదును ఇచ్చే ప్రధాన సంస్థలే నాలుగున్నాయి. కాబట్టి ఒకే బరువు విభాగంలో ఒకే సమయంలో నలుగురు ప్రపంచ విజేతలు ఉండటం వింత కాదు. అక్కడ ప్రతి పోరూ ఒక విడి ఒప్పందం. ఇద్దరూ సంతకం చేస్తే పోరు ఉంటుంది; ఒకరు కలం కింద పెడితే ఉండదు. బరిలో పన్నెండు రౌండ్ల పాటు సాగే పోరుకు ముందు, బల్లకు ఇరువైపులా కూర్చుని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి చేసే పోరు మరొకటి ఉంటుంది. ప్రేక్షకులకు కనిపించని ఆ పోరులోనే చాలా సందర్భాలలో ఫలితం సగం తేలిపోతుంది.

పేరున్న యోధుడు ప్రత్యర్థిని తప్పించుకొని తిరుగుతున్నాడంటే పిరికితనమని కొట్టిపారేయడం తేలిక. కాని అతని వైపు నుండి కూడా ఆలోచించాలి. క్రికెట్ ఆటగాడు ఒకనాడు సున్నాకు అవుటయినా మూడోనాడు శతకం కొట్టవచ్చు. పెద్ద స్థాయి ముష్టియోధుడు ఏడాదికి రెండు మూడు సార్లకు మించి బరిలో దిగడు. ఒక్క ఓటమితో రెండేళ్ళ ఆదాయం పోతుంది. తలకు తగిలే దెబ్బల మాట సరేసరి. పేరు లేని బలవంతుణ్ణి గెలిస్తే మెచ్చుకొనేవారు లేరు, ఓడితే ఉన్న పేరంతా పోతుంది. సవాలు చేసేవానికి ఇదంతా తలకిందులు: ఓడినా పోయేది తక్కువ, గెలిస్తే వచ్చేది ఎక్కువ. అందుకే ఒకరు పదేపదే పిలుస్తుంటారు. మరొకరు వినబడనట్టు ఉంటారు. ఇక ఒకసారి అతి కష్టం మీద గెలిచినవారు మలిపోరుకు, అంటే అదే ప్రత్యర్థితో మళ్ళీ తలపడటానికి, వెనుకాడటంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ సంగతి మన సాహిత్యానికి కొత్త కాదు. మహాభారతం ఆదిపర్వంలో కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టాన్ని గుర్తు చేసుకోండి. అర్జునుడు చూపిన విద్యలన్నీ తానూ చూపి, కర్ణుడు అతణ్ణి ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. అప్పుడు కృపాచార్యుడు లేచి కర్ణుని కులగోత్రాలు అడిగాడు. దుర్యోధనుడు అంగరాజ్యం కట్టబెట్టి కర్ణునికి అర్హత కల్పించినా, మాటల మధ్యనే సూర్యుడు అస్తమించాడు. యుద్ధం జరగలేదు. బాహుబలాన్ని ప్రశ్నించలేనప్పుడు అర్హతను ప్రశ్నించడం ఎంత పాత పద్ధతియో దీన్నిబట్టి తెలుస్తుంది.

నేటి వృత్తి ముష్టియుద్ధంలో పోరును కుదిర్చేవాణ్ణి ప్రమోటరు అంటారు. వేదికను మాట్లాడటం, టెలివిజన్ సంస్థతో బేరం కుదుర్చుకోవడం, టికెట్లు అమ్మించడం, యోధులిద్దరికీ ముందుగానే కనీస మొత్తాన్ని హామీ ఇవ్వడం అతని పనులు. నష్టం వస్తే అతనిదే. లాభంలోనూ అతని వాటా తక్కువేమీ కాదు. బిరుదులిచ్చే సంస్థలు ప్రతి విజేతకు ఒక ‘తప్పనిసరి ప్రత్యర్థి’ని నిర్ణయిస్తాయి. ఇరుపక్షాలకూ గడువులోగా బేరం కుదరకపోతే ప్రమోటర్ల నుండి మూసిన కవర్లలో వేలం పాటలు పిలుస్తారు. ఎక్కువ మొత్తం రాసినవారికి ఆ పోరు నిర్వహణ దక్కుతుంది. ఇదంతా వినడానికి సక్రమంగానే ఉంటుంది. అయితే విజేత ఆ బిరుదునే వదులుకొంటే సంస్థ చేయగలిగింది ఏమీ లేదు.

సరిగ్గా అదే చేశాడు రిడిక్ బో. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ తుదిపోరులో కెనడా తరఫున ఆడిన లెనాక్స్ లూయిస్ రెండో రౌండులోనే అమెరికా యోధుడు బోను ఓడించాడు. నాలుగేళ్ళ తరువాత, 1992 నవంబరులో, బో ఎవాండర్ హోలీఫీల్డ్‌ను గెలిచి హెవీవెయిట్ విజేత అయ్యాడు. నాలుగింటిలో ఒకటైన ప్రపంచ బాక్సింగ్ మండలి నిర్ణయించిన తప్పనిసరి ప్రత్యర్థి ఎవరో కాదు, లూయిసే. డబ్బు పంపకం దగ్గర బేరం తెగలేదు. ఆ డిసెంబరులో లండన్‌లో పత్రికలవారి ఎదుట బో ఆ మండలి బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. లూయిస్ బరిలో దిగకుండానే ఆ బిరుదుకు అధిపతి అయ్యాడు. వృత్తి యోధులుగా వారిద్దరూ ఎన్నడూ తలపడలేదు.

హాగ్లర్ కథ ఇంతకన్నా బాధాకరమైనది. మార్విన్ హాగ్లర్ 1980 నుండి మిడిల్‌వెయిట్ విజేత. సుమారు మూడేళ్ళుగా బరికి దూరంగా ఉన్న షుగర్ రే లియొనార్డ్ అతణ్ణి సవాలు చేశాడు. ఒప్పందం రాసుకొనేటప్పుడు లియొనార్డ్ తెలివిగా డబ్బులో పెద్ద వాటాను హాగ్లర్‌కు వదిలివేశాడు. దానికి బదులుగా పదిహేను రౌండ్లకు మారుగా పన్నెండు రౌండ్లు, విశాలమైన రింగు, మందపాటి చేతితొడుగులు కోరుకొన్నాడు. తిరుగుతూ ఆడే లియొనార్డ్‌కు ఈ మూడూ అనుకూలమైనవే. 1987 ఏప్రిల్ 6న లాస్ వేగాస్‌లో జరిగిన పోరులో ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరు లియొనార్డ్‌కు, ఒకరు హాగ్లర్‌కు ఓటు వేశారు. ఆ తీర్పు సరైనదా కాదా అనే వాదన నేటికీ ఆగలేదు. హాగ్లర్ వెంటనే మలిపోరు కోరాడు. లియొనార్డ్ విరమణ ప్రకటించాడు. ఏడాది పాటు ఎదురుచూసిన హాగ్లర్ 1988లో తానూ చేతితొడుగులు విప్పివేసి, ఇటలీ వెళ్ళి సినిమాలలో నటించాడు. లియొనార్డ్ మాత్రం అదే ఏడు నవంబరులో మళ్ళీ బరిలోకి వచ్చాడు, వేరొక ప్రత్యర్థితో.

ఇటువంటి అనుభవాల వల్లనే పెద్ద పోరు ఒప్పందాలలో ‘ఓడితే మలిపోరు’ అనే షరతు రాయించుకోవడం ఆనవాయితీ అయింది. ఈ షరతు ఒకరికి రక్షణ అయితే, మూడోవానికి అడ్డుగోడ అవుతుంది. 2020 ఫిబ్రవరిలో డియాంటే వైల్డర్‌ను ఓడించిన బ్రిటన్ యోధుడు టైసన్ ఫ్యూరీ మరుసటి ఏడు తన దేశానికే చెందిన ఆంథొనీ జాషువాతో సౌదీ అరేబియాలో తలపడటానికి సిద్ధమయ్యాడు. బ్రిటన్ అంతా ఎదురుచూసిన పోరు అది. వైల్డర్ తన మలిపోరు షరతును పట్టుకొని మధ్యవర్తి న్యాయనిర్ణేతను ఆశ్రయించాడు. 2021 మే నెలలో తీర్పు వైల్డర్ పక్షాన వచ్చింది. ఫ్యూరీ అతనితోనే మళ్ళీ ఆడి గెలిచాడు. ఈలోగా సెప్టెంబరులో జాషువా ఉక్రెయిన్ యోధుడు ఉసిక్ చేతిలో ఓడిపోవడంతో అనుకొన్న మహాపోరు విలువ ఒక్క రాత్రిలో పడిపోయింది.

మరి ఆలస్యం ఎప్పుడూ నష్టమేనా అంటే, కాదనడానికి మేవెదర్, పకియావో ఉదంతం ఉంది. ఫ్లాయిడ్ మేవెదర్, ఫిలిప్పీన్స్ యోధుడు మానీ పకియావో మధ్య పోరును 2010 మార్చికి అనుకొన్నారు. మాదకద్రవ్య పరీక్షకు రక్తం ఎప్పుడు, ఎన్నిసార్లు తీయాలన్న దగ్గర మాట చెడింది. తరువాత వాటాల దగ్గర, ప్రమోటర్ల పాత పగల దగ్గర, పోటీదారులైన రెండు టెలివిజన్ సంస్థల దగ్గర మళ్ళీ మళ్ళీ చెడింది. చివరకు ఆ రెండు సంస్థలూ కలిసి ప్రసారం చేయడానికి ఒప్పుకోగా 2015 మే 2న లాస్ వేగాస్‌లో పోరు జరిగింది. అప్పటికి మేవెదర్ వయసు 38, పకియావో వయసు 36. అమెరికాలో 46 లక్షల మంది ప్రత్యేకంగా డబ్బు చెల్లించి దాన్ని ఇంట్లో చూశారు. ఆ ప్రసారం ద్వారానే 40 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. గెలిచినవాడు మేవెదర్. పోరు మాత్రం చప్పగా సాగిందని చూసినవారిలో చాలామంది పెదవి విరిచారు. ఐదేళ్ళ నిరీక్షణ ధరను పెంచింది, ఆటను తగ్గించింది. మంచి వయసులో ఉన్నప్పుడు వారిద్దరూ ఎలా ఆడేవారో చూసే భాగ్యం ఎవరికీ దక్కలేదు. వ్యాపారికి ఇది లాభసాటి బేరమే. ప్రేక్షకునికి అవునా?

ఇదంతా డబ్బు కోసం ఆడే ఆటకు పట్టిన చీడ, దేశం కోసం ఆడేవారికి ఇది అంటదు అని మనం అనుకోవచ్చు. ఒలింపిక్స్ వంటి పోటీలలో ప్రమోటరు లేడు, వాటాల బేరం లేదు. నిజమే. కాని దేశానికి బరువు విభాగానికి ఒక్కరినే పంపాలి. ఆ ఒక్కరు ఎవరనే దగ్గర మళ్ళీ అదే ప్రశ్న తలెత్తుతుంది. దానికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. నిజామాబాదు చాలు.

నిఖత్ జరీన్ నిజామాబాదులో 1996లో జన్మించారు. విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందారు. 2011లో టర్కీలోని అంటాల్యాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో స్వర్ణం గెలిచారు. 2017లో భుజం గాయం ఆమెను చాలాకాలం ఆటకు దూరం చేసింది. కోలుకొని 2019లో బల్గేరియాలోని స్ట్రాంజా పోటీలలో స్వర్ణం, ఆసియా పోటీలలో కాంస్యం సాధించారు. ఆమె ఆడే 51 కిలోల విభాగంలోనే మేరీ కోమ్ ఉన్నారు. ఆరుసార్లు ప్రపంచ విజేత, 2012 లండన్ ఒలింపిక్ కాంస్య విజేత, అప్పటికి రాజ్యసభ సభ్యురాలు. ఆ ఏడు మే నెలలో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్ పోటీల సెమీఫైనల్‌లో వారిద్దరూ తలపడగా మేరీ కోమ్ గెలిచారు.

నిఖత్ కోరినది ఆ పోరుకు మలిపోరే. ఆగస్టులో ప్రపంచ పోటీలకు జట్టును ఎంపిక చేసినప్పుడు ఎంపిక పోటీ పెట్టకుండానే మేరీ కోమ్‌ను పంపాలని భారత బాక్సింగ్ సమాఖ్య నిర్ణయించింది. ఇటీవలి ప్రదర్శనలే అందుకు ఆధారమన్నది. అక్టోబరులో రష్యాలోని ఉలాన్ ఉదేలో మేరీ కోమ్ కాంస్యం గెలిచి వచ్చారు. స్వర్ణం, రజతం గెలిచిన మహిళలకు మాత్రమే ఒలింపిక్ అర్హత పోటీలకు నేరుగా ప్రవేశం అన్నది అంతకుముందు సమాఖ్య పెట్టుకొన్న నియమం. కాంస్యం గెలిచినవారినీ నేరుగా పంపే ఆలోచన ఇప్పుడు బయటికి వచ్చింది. అంటే ప్రత్యర్థి బరిలోకి రాకుండానే టోక్యో దారి మూసుకుపోతున్నదన్నమాట.

అప్పుడు నిఖత్ కేంద్ర క్రీడాశాఖ మంత్రి కిరెన్ రిజిజుకు బహిరంగంగా లేఖ రాశారు. ఇరవై మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ సైతం ప్రతిసారీ అర్హత పోటీలో నెగ్గే ఒలింపిక్స్‌కు వెళ్ళాడు కదా, మరి మనకెందుకు మినహాయింపు అన్నది అందులోని వాదం. తనను పంపమని ఆమె అడగలేదు. ఆడనివ్వమని మాత్రమే అడిగారు. ఒలింపిక్ స్వర్ణ విజేత అయిన గురికాడు అభినవ్ బింద్రా ఆమెను సమర్థించారు. మేరీ కోమ్‌కు ఇది నచ్చలేదు. అసలు ఈ నిఖత్ ఎవరన్న అర్థం వచ్చేలా ఆమె పత్రికలవారి ఎదుట ప్రశ్నించారు. ఆ మాట విన్న తెలుగువారికి కృపాచార్యుని ప్రశ్న గుర్తుకు వచ్చి ఉంటే అది వారి తప్పు కాదు.

అయితే మేరీ కోమ్ కోపంలో న్యాయం బొత్తిగా లేదనలేము. ముప్పై ఆరేళ్ళ వయసులో, బిడ్డల తల్లిగా దేశానికి పతకాలు తెచ్చిన ఆమెకు తన కన్నా పదమూడేళ్ళు చిన్నదైన అమ్మాయి సవాలు అవమానంగా తోచి ఉండవచ్చు. సమాఖ్య ఏది నిర్ణయిస్తే అది చేస్తానని కూడా ఆమె చెప్పారు. తప్పు ఆట మధ్యలో నియమాన్ని సవరించబోయిన వారిది. ఇద్దరు క్రీడాకారిణులూ ఒకరినొకరు నిందించుకొంటుంటే ఆ సంగతి మరుగున పడిపోయింది.

సమాఖ్య చివరకు పాత నియమానికే కట్టుబడింది. 2019 డిసెంబరు చివరలో ఢిల్లీలో ఎంపిక పోటీలు పెట్టారు. తొలిరోజు ఇద్దరూ తమ ప్రత్యర్థులను గెలిచారు. 28వ తేదీన ముఖాముఖి నిలిచారు. మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచారు. పోరు ముగిశాక నిఖత్ చేయి చాచగా మేరీ కోమ్ కరచాలనం చేయలేదు. తెలంగాణ బాక్సింగ్ సంఘం ప్రతినిధులు తీర్పుపై అక్కడే నిరసన తెలిపారు. సమాఖ్య అధ్యక్షుడు అజయ్ సింగ్ కలగజేసుకొని సర్దిచెప్పవలసి వచ్చింది. చేతులు కలపకపోవడం గురించి పత్రికలు రాసినంతగా, ఎంపిక పోటీ జరిగిన సంగతి గురించి రాయలేదు. కాని విశేషమంతా అందులోనే ఉంది. లాస్ వేగాస్‌లో ఐదేళ్ళు పట్టిన పనిని, కోటి రూపాయల ఒప్పందమేదీ లేకుండా ఒక లేఖ రెండు నెలలలో చేసింది. అక్కడ ఒప్పించినది లాభం. ఇక్కడ ఒప్పించినది నియమం.

మేరీ కోమ్ 2020 మార్చిలో అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత సాధించి, 2021లో టోక్యోలో ఆడి, రెండో పోరులో కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో 2-3తో ఓడిపోయారు. నిఖత్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ క్రీడాకారిణి జిత్‌పాంగ్ జుటామాస్‌ను 5-0తో గెలిచి ప్రపంచ విజేత అయ్యారు. ఆపైన నెల తిరగకముందే కామన్వెల్త్ క్రీడలకు ఎంపిక పోటీలు వచ్చాయి. ప్రపంచ విజేతగా వాటిని తప్పించుకోవాలని ఆమె చూడలేదు. 50 కిలోల విభాగంలో హర్యానాకు చెందిన మీనాక్షితో తలపడి గెలిచి, బర్మింగ్‌హామ్ వెళ్ళి స్వర్ణం తెచ్చారు.

2023లో ఢిల్లీలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు సమాఖ్య ఎంపిక పోటీలనే తీసివేసి, శిక్షణ శిబిరంలో మార్కులు వేసే పద్ధతి పెట్టింది. ఈసారి ఎంపికైనవారిలో నిఖత్ ఉన్నారు. ఇతర విభాగాలలో చోటు దక్కని ముగ్గురు జాతీయ విజేతలు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. న్యాయస్థానం జోక్యం చేసుకోలేదు. నిఖత్ ఆ పోటీలలో రెండోసారి ప్రపంచ విజేత అయ్యారు. నాలుగేళ్ళ కిందట తాను అడిగిన ప్రశ్ననే ఆ ముగ్గురూ అడుగుతున్నారని ఆమెకు తెలియకుండా ఉంటుందా?

ఎంపిక అయ్యాక కూడా ఎవరు ఎవరికి ఎప్పుడు ఎదురుపడతారన్నది ర్యాంకులను బట్టి తయారుచేసే జాబితా చేతిలో ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ర్యాంకుల ఆధిక్యం లేని నిఖత్‌కు రెండో పోరులోనే ఆ విభాగంలో మొదటి స్థానంలో ఉన్న చైనా క్రీడాకారిణి వూ యూ ఎదురయ్యారు. నిఖత్ ఓడిపోయారు, వూ యూ స్వర్ణం గెలిచారు. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో జాబితా ఆమెకు ఒక పాత ప్రత్యర్థిని క్వార్టర్ ఫైనల్‌లో చూపింది: టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లు. 2022 స్ట్రాంజా పోటీలలో నిఖత్ ఆమెను ఓడించి ఉన్నారు. ఈ మలిపోరుకు ఒప్పందం, వాటాలు, లేఖలు ఏవీ అవసరపడలేదు. చాకిరోగ్లు 5-0తో గెలిచారు. అదే పోటీలలో 48 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచి ప్రపంచ విజేత అయినది మీనాక్షి, మూడేళ్ళ కిందట ఢిల్లీ ఎంపిక పోటీలో నిఖత్ చేతిలో ఓడిన మీనాక్షియే.